ఫ్లూట్ బోర్డు విమానం: తయారీ డైరీ

శనివారం. షీటు, లెక్కలు

ఈసారి బాల్సా చెక్క లేదు, ఫోమ్ లేదు. రిమోట్‌తో ఎగిరే ఈ చిన్న విమానం మొత్తం ఫ్లూట్ బోర్డుతోనే. ప్రకటనల బోర్డులకీ ప్యాకింగ్ డబ్బాలకీ వాడే గుల్ల ప్లాస్టిక్ షీటు అది. పైన ఒక పలుచని పొర, కింద ఒకటి, మధ్యలో వరసగా గోడలు. ఆ గోడల మధ్య పొడుగ్గా సాగే సందులే ఫ్లూట్లు. సరుకు పాలీప్రొపిలీన్. నీళ్ళలో తేలుతుంది, తడికి ఉబ్బదు, నూనె తగిలినా పాడవదు. నూనె కలిపిన ఇంధనంతో నడిచే చిన్న గ్లో ఇంజన్లు వాడినవాళ్ళే దీన్ని పట్టుకుని ఒక పద్ధతిగా మార్చారు. స్పాడ్ అంటారు దాన్ని, సింపుల్ ప్లాస్టిక్ ఎయిర్‌ప్లేన్ డిజైన్ అని పూర్తి పేరు. నాది ఎలక్ట్రిక్ మోటారే కాబట్టి నూనె గొడవ లేదు, పద్ధతి మాత్రం అదే.

ఈ షీటు మీద అందరూ చెప్పే ఫిర్యాదు బరువు. నిజమే, అందుకే పెన్సిలు కన్నా ముందు కాటా బయటికి తీశాను. నా దగ్గరున్న 4 మి.మీ. షీటు చదరపు మీటరుకి 700 గ్రాములు తూగింది, 2 మి.మీ.ది 350. రెక్క పొడవు 1200 మి.మీ., వెడల్పు 250. పైపొరా కిందిపొరా కలిపితే 0.6 చదరపు మీటర్లు. 4 మి.మీ.తో చుడితే 420 గ్రాములు, 2 మి.మీ.తో చుడితే 210. మిగిలే 210 గ్రాములు నేను పెట్టబోయే బ్యాటరీ కన్నా ఎక్కువ. కాబట్టి రెక్కకి 2 మి.మీ., బాడీకీ తోకకీ 4 మి.మీ.

మొత్తం మీద 1300 గ్రాములు దాటకూడదని హద్దు పెట్టుకున్నా. రెక్క వైశాల్యం 30 చదరపు డెసిమీటర్లు, అంటే ఒక్కోదాని మీద 43 గ్రాములు. ఈ బరువుకి గంటకు సుమారు 28 కి.మీ. కన్నా వేగం తగ్గితే రెక్క పట్టు వదిలేస్తుంది, దాన్నే స్టాల్ అంటారు. ఫోమ్ విమానాలకు అలవాటుపడినవాళ్ళకి ఇది ఎక్కువే. నాకు మాత్రం కొంచెం బరువున్న విమానమే ఇష్టం. చిన్న గాలికి అటూ ఇటూ ఊగిపోదు, చెప్పిన దారిన పోతుంది.

ఆదివారం. రెక్క

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఫ్లూట్ల దిక్కు. ఫ్లూట్ల పొడవునా షీటు వంగనంటుంది, అడ్డంగా పడితే చాపలా చుట్టుకుంటుంది. రెక్కకి ఈ రెండూ కావాలి. ఈ కొస నుంచి ఆ కొసకి గట్టిగా ఉండాలి, ముందు నుంచి వెనక్కి వంపు తిరగాలి. అంటే ఫ్లూట్లు 1200 పొడవునే పరుగెత్తాలి. షీటు తెచ్చుకునేటప్పుడే ఆ దిక్కున అంత పొడవు ఉందో లేదో చూసుకోవాలి. కొలత సరిపోయి దిక్కు తప్పితే ఆ షీటు రెక్కకి పనికిరాదు.

ముందంచు దగ్గర లోపలి పొరను మాత్రమే కోశాను, బయటి పొర జోలికి పోలేదు. కొత్త బ్లేడు, మొన ఒక మిల్లీమీటరు మాత్రం బయటికి. మొన ఒకసారి ఫ్లూట్‌లోకి దిగిందంటే రెండు పక్కలా గోడలే దారి చూపిస్తాయి, స్కేలు అక్కర్లేదు. చేతికి చిన్న గరగర తెలుస్తూ ఉంటుంది. అది ఆగి మెత్తగా జారితే బ్లేడు గోడలోకి ఎక్కిందని అర్థం, అక్కడే ఆగి వెనక్కి రావాలి. ఒక్క కోత కోసి మడిస్తే అంచు కత్తిలా వస్తుంది. అలాంటి అంచున్న రెక్క చెప్పాపెట్టకుండా స్టాల్ అవుతుంది. అందుకని పక్కపక్క ఫ్లూట్లలో మూడు కోతలు పెట్టాను, మడత గుండ్రంగా తిరిగింది.

స్పార్‌కి, అంటే రెక్క లోపల భారం మోసే దూలానికి, చెక్క పట్టీ, 25 మి.మీ. ఎత్తు, 6 మి.మీ. మందం, తూకం 90 గ్రాముల దగ్గర. ముందంచు నుంచి 75 మి.మీ. వెనక నిలబెట్టాను. అదే పట్టీని పడుకోబెడితే బరువు మారదు కానీ గట్టిదనం పదిహేడో వంతుకి పడిపోతుంది. వంపుని ఆపేది ఎత్తే, అదీ ఘనం లెక్కన. పైనా కిందా పొరలు కలుపుకుంటే రెక్క దళసరి 29 మి.మీ., వెడల్పులో 12 శాతానికి కొంచెం తక్కువ. నెమ్మదిగా ఎగరడానికి చాలు. పక్కటెముకలు మధ్యలో మూడు, కొసల్లో ఒక్కొక్కటి. ఇవి 4 మి.మీ. ముక్కలు, ఫ్లూట్లు నిలువుగా.

స్పార్‌ని పొడవునా అతికించెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. పది డిగ్రీల వేడి పెరిగితే మీటరు పాలీప్రొపిలీన్ ఒక మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది, చెక్క పొడవునా దాదాపు కదలదు. నీడలోంచి ఎండలోకి తెచ్చేసరికి పైపొర పాతిక డిగ్రీలు వేడెక్కితే ఈ రెక్క మీద తేడా 3 మి.మీ. దాటుతుంది. రెంటినీ కట్టిపడేస్తే పైపొర అలలు తేలుతుంది, లేదా రెక్క మెలి తిరుగుతుంది. అందుకే స్పార్‌ని మధ్యలో ఒక జానెడు మేర మాత్రమే బిగించాను. రెండు కొసలూ రెక్క లోపల వదులుగా జారతాయి. భారం మొయ్యడానికి ఎత్తు కావాలి కానీ అతుకు అక్కర్లేదు.

ఐలరాన్‌లకి (విమానాన్ని పక్కకి వాల్చే, రెక్క వెనకంచు పలకలకి) 2 మి.మీ. చాలదు, ఆకులా కొట్టుకుంటుంది. 4 మి.మీ. పట్టీలు కోశాను, ఒక్కోటి 400 పొడవు. ప్రతి పట్టీలో ముందు 20 మి.మీ. రెక్క వెనకంచులో పైపొరకీ కిందిపొరకీ మధ్య దూరింది. తర్వాత ఒక్క ఫ్లూట్ వెడల్పున పైపొరనూ దాని గోడలనూ తీసేస్తే మిగిలిన కింది పొరే కీలు. ఆ వెనక 45 మి.మీ. ఐలరాన్. మూడు పొరల్నీ కలిపి పది సెంటీమీటర్లకొక సన్న జిప్ టై గుచ్చి లాగాను. కొసలు కత్తిరించాక వేలితో రాస్తే గీరుకుంటాయి, బ్లేడుతో నున్నగా చెయ్యాలి.

వారం మధ్యలో, రాత్రిళ్ళు. జిగురు

ఈ షీటుతో పనిచేసేవాళ్ళు ఎక్కడ కలిసినా మాట చివరికి జిగురు దగ్గరికే వస్తుంది. పాలీప్రొపిలీన్‌కి ఏదీ అంటుకోదు. దాని ఉపరితల శక్తి మీటరుకి 30 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటుంది. అంత తక్కువగా ఉంటే జిగురు పరుచుకోకుండా బొట్లు బొట్లుగా ముడుచుకుంటుంది. ప్రింటింగ్ కోసం తయారైన షీట్లకి ఫ్యాక్టరీలోనే కరోనా ట్రీట్‌మెంట్ (ఉపరితలం మీద విద్యుత్ ప్రసరింపజేయడం) చేస్తారు, కానీ అది రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మన షీటు ఎన్నాళ్ళు గోడకి ఆనుకుని ఉందో ఎవరికి తెలుసు?

మనం చేయగలిగింది మంట చూపించడం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, చిన్న గ్యాస్ టార్చి నీలిమంట కొసని షీటు మీంచి చకచకా జరిపెయ్యాలి. ఆగామా, అయిపోయినట్టే. 2 మి.మీ. పొర కళ్ళ ముందే ముడుచుకుపోతుంది. ఉపరితలం ఆక్సిజన్ పట్టుకున్నాక శక్తి 40 దాటుతుంది, అప్పుడు జిగురు పరుచుకుంటుంది. పని జరిగిందో లేదో చెప్పేది నీటి చుక్క. మంట తగలనిచోట వేస్తే గుండ్రంగా పూసలా నిలబడుతుంది. తగిలినచోట పల్చగా పాకి, అంచు ఎక్కడో తెలియకుండా కలిసిపోతుంది. ఒకే ముక్క మీద సగం మంట చూపించి, సగం వదిలేసి, రెండు చుక్కలు పక్కపక్కన వేసి చూడండి. ఇక టార్చి లేకుండా జిగురు ముట్టుకోరు. ఆ చోటిని మళ్ళీ వేలితో తాకకూడదు, జిగురు అప్పటికప్పుడే పెట్టెయ్యాలి.

ఆ తర్వాత మూడు రకాల జిగుర్లు తుక్కు ముక్కల మీద పరీక్షించాను. సూపర్ గ్లూ పక్కకి లాగితే బాగా ఆగింది, కానీ మూల నుంచి ఒలిస్తే పట్ మని ఊడింది. ఆరాక గాజులా పెళుసెక్కుతుంది కదా, వంగే షీటు మీద అదే దాని రోగం. కాంటాక్ట్ అడ్హీసివ్ వెడల్పాటి చోట్లకి బాగుంది. హాట్ గ్లూ సర్దుబాటుకి సుఖం, కానీ గన్ను ముక్కు మరీ వేడిగా ఉంటే షీటే మెత్తబడుతుంది. పాలీప్రొపిలీన్ కరిగేది 160 డిగ్రీల దగ్గరే.

ఏ జిగురైనా సరే, ఒలుపుకి ఓడిపోతుంది. అందుకే ఈ విమానంలో ఒక్క అతుకు కూడా జిగురు మీదే ఆధారపడి లేదు. భారం మడత మీదో, స్క్రూ మీదో, జిప్ టై మీదో పడుతుంది. జిగురు పని కదలకుండా చూడటం, అంతవరకే. బాల్సా చేతులతో వచ్చేవాళ్ళకి ఇది రుచించదు. వాళ్ళకి అతుకంటే జిగురే. బాల్సా విమానాన్ని అచ్చంగా ఈ షీటుతో దించాలని చూసేవాళ్ళవే రెండో ల్యాండింగ్‌కి విడిపోయేవి.

శనివారం. బాడీ

రెక్క తర్వాత ఇది హాయి. 900 పొడవు, 330 వెడల్పు ముక్క, ఫ్లూట్లు పొడవునా. లోపలి పొరలో 75 మి.మీ.కొకటి చొప్పున నాలుగు కోతలు, నాలుగు మడతలు, మిగిలిన 30 మి.మీ. అంచుని లోపలికి దూర్చి పొట్టి స్క్రూలతో బిగిస్తే చదరపు గొట్టం తయారు. తోక వైపు పక్కల నుంచి కోణాలు తీసేసి సన్నం చేశాను. స్క్రూ తల కింద వాషర్ లేకపోతే తల షీటులోంచి దూసుకుని వచ్చేస్తుంది, కాబట్టి ప్రతిదానికీ వాషర్.

ముక్కుకి 6 మి.మీ. ప్లైవుడ్ పలక. మోటార్ దాని మీద, పలక బాడీలోకి దూరి నాలుగు పక్కల నుంచి స్క్రూలు. మోటార్‌ని కుడికి రెండు డిగ్రీలు, కిందికి రెండు డిగ్రీలు వంచాలి. మోటార్ రంధ్రాల మధ్య దూరం 25 మి.మీ., కాబట్టి ఒక పక్క సుమారు 0.9 మి.మీ. ఎత్తు లేపితే రెండు డిగ్రీలు వస్తుంది. అంటే ఒక పలుచని వాషర్. రెక్కని రబ్బరు బ్యాండ్లే పట్టుకుంటాయి, బాడీకి అడ్డంగా దూర్చిన 6 మి.మీ. గుండ్రటి పుల్లల మీంచి. బోల్టు పెడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ నేలకి గుద్దుకుంటే బోల్టు బాడీని చీల్చుకుని పోతుంది, బ్యాండు రెక్కని వదిలేస్తుంది.

తోక పలకల్ని కదిపే తీగలు, అంటే పుష్‌రాడ్‌ల కోసం విడిగా గొట్టాలు తేలేదు. బాడీ గోడలో పొడవునా ఉన్న ఫ్లూట్‌లోంచే 1.5 మి.మీ. స్టీలు తీగ లాగాను. 4 మి.మీ. షీటు ఫ్లూట్‌లో ఆ తీగ నిరాటంకంగా జారుతుంది, తోసినప్పుడు విల్లులా వంగడానికి చోటు దొరకదు. తీగని తోసే చిన్న మోటారు, అదే సర్వో, కదిపితే తోక వైపు కొస అదే క్షణంలో కదిలింది. ఆ కదలికకి ముచ్చటేసి, పని మానేసి కాసేపు అదే చేస్తూ కూర్చున్నా.

ఆదివారం. తోక

అడ్డం తోక 450 × 150, నిలువు తోక దానికి తగ్గట్టు. రెండిటి కీళ్ళూ ఐలరాన్ పద్ధతే. పాలీప్రొపిలీన్ ఎన్నిసార్లు వంచినా తెగని సరుకు. సీసా మూతలకి ఉండే పలుచని కీళ్ళు దీనివే. విడిగా కొనే ప్లాస్టిక్ హింజిల కన్నా ఇదే మేలు, బరువు సున్నా.

తోకలో గ్రాములు ఊరికే పెంచకూడదు. అది సీజీకి, అంటే విమానం బరువు కేంద్రానికి, 600 మి.మీ. వెనక ఉంది, ముక్కులో బరువు పెట్టగల చోటు 200 మి.మీ. ముందే ఉంది. అంటే తోకలో 10 గ్రాములు పెరిగితే ముక్కులో 30 మొయ్యాలి. రంగు వెయ్యకపోవడానికి అదొక కారణం, రంగు ఎలాగూ నిలవదన్నది రెండోది. పైన తెల్ల షీటు, కింద నల్ల టేపు పట్టీలు. దూరంలో ఉన్నప్పుడు విమానం పొట్ట చూపిస్తోందో వీపు చూపిస్తోందో తెలియాలంటే అంత తేడా ఉండాలి.

వైరింగ్, తూకం

3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు) మోటార్, దాని వేగాన్ని అదుపుచేసే 40 ఆంప్ ఈఎస్‌సీ, 10×6 అంగుళాల ప్రొపెల్లర్. ఫుల్ థ్రాటిల్‌లో వాట్ మీటర్ 10.8 వోల్టుల దగ్గర 25 ఆంప్ చూపించింది, అంటే 270 వాట్లు. ప్రొపెల్లర్ నిమిషానికి 8500 చుట్ల దగ్గర తిరిగితే గాలిని గంటకు 78 కి.మీ. వేగంతో వెనక్కి నెడుతుంది. స్టాల్ వేగానికి అది రెండున్నర రెట్లు పైనే, సరిపోతుంది. రిసీవర్ యాంటెన్నా ఒకటి బాడీ గోడ ఫ్లూట్‌లోకి, రెండోది దానికి లంబంగా. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది కొసన ఉన్న 31 మి.మీ. మాత్రమే, అది వంగకూడదు, బ్యాటరీ పక్కన ఉండకూడదు.

అన్నీ బిగించాక కాటా మీద 1260 గ్రాములు. హద్దుకి 40 తక్కువ. సీజీ ముందంచు నుంచి 68 మి.మీ. దగ్గర కావాలి, వెడల్పులో 27 శాతం. రెక్క కింద రెండు వేళ్ళ మీద నిలబెట్టి, బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరుపుతూ అక్కడికి తెచ్చాను. సీసం ముక్క ఒక్కటి కూడా పడలేదు.

ఆదివారం పొద్దున్నే. మైదానం

మనుషులు లేని పెద్ద ఖాళీ, పొట్టి గడ్డి, గాలి నెమ్మది. చేతిలోని ట్రాన్స్‌మిటర్‌ని రేంజ్ మోడ్‌లో (సిగ్నల్ బలం తగ్గించి పరీక్షించే పద్ధతి) పెట్టి దూరం నడిచి చూశాను. ట్రాన్స్‌మిటర్ ఆపితే థ్రాటిల్ సున్నాకి పడుతోందా అన్నదీ చూశాను. ట్రాన్స్‌మిటర్ కర్ర కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి. ఇది నోటితో చెప్పుకుంటూ చూసేదే.

గడ్డి మీద కొద్ది దూరం పరుగెత్తి లేచింది. కొంచెం ఎడమకి వాలుతోంది, ట్రాన్స్‌మిటర్‌లోని ట్రిమ్ సర్దుబాటుతో పోయింది. థ్రాటిల్ పెంచినప్పుడల్లా ముక్కు ఎత్తుతోంది. దిగాక మోటార్ పైవైపు ఇంకో పలుచని వాషర్ పెడితే అది సగానికి సగం తగ్గింది. పైకి తీసుకెళ్ళి స్టాల్ చేసి చూస్తే ఎడమ రెక్క పడుతోంది. రెండు ఐలరాన్‌లనీ 2 మి.మీ. పైకి ఉంచేలా ట్రాన్స్‌మిటర్‌లో మార్చాను. రెక్క కొసలు తక్కువ కోణంలో ఉంటాయి కాబట్టి మధ్యభాగం ముందు స్టాల్ అవుతుంది. ఇప్పుడు ముక్కు మెల్లగా దించుతోంది, పక్కకి పడటం లేదు.

ఒక డైవ్‌లో తోక నుంచి జుయ్‌ఁ మని శబ్దం. ఎలివేటర్ (అడ్డం తోక వెనక కదిలే పలక) ఫ్లటర్, అంటే గాలికి అదరడం. వెంటనే థ్రాటిల్ తీసేస్తే ఆగింది. ఎలివేటర్‌లో ఫ్లూట్లు పొడవునా ఉంటేనే కీలు పడుతుంది, కానీ ఆ దిక్కున వెనకంచు మెత్తన. అందుకే 2 మి.మీ. పట్టీలు ఫ్లూట్లు అడ్డంగా వచ్చేలా ఎలివేటర్ మీద రెండు చోట్ల, మంట చూపించి అతికించి, జిప్ టైతో కుట్టాను. నాలుగు గ్రాములు. పుష్‌రాడ్‌ని హార్న్‌లో (ఎలివేటర్‌కి బిగించిన చిన్న చెయ్యి) బయటి రంధ్రానికి మార్చాను, పట్టు పెరిగింది. మళ్ళీ అదే వేగంతో దించితే చప్పుడు లేదు.

ల్యాండింగ్‌కి దీన్ని గ్లైడర్‌లా వదిలేస్తే గుభేల్‌మని కూలబడుతుంది. చక్రాలు తాకేదాకా పావు వంతు థ్రాటిల్ ఉండాలి. బ్యాటరీ సగటున 12 ఆంప్ తాగుతోందనుకుంటే ఎనభై శాతానికి 8 నిమిషాల పైన వస్తుంది. టైమర్ 7కి పెట్టాను.

రిపేరు

గాలి పెరిగాక ఒకసారి ముక్కు గడ్డిలో దిగబడింది. రెక్క బ్యాండ్లలోంచి ఊడి పక్కన పడింది, దానికేం కాలేదు. ప్లైవుడ్ పలక స్క్రూలు రెండు వంగాయి. బాడీ పక్కగోడ మీద మడతపడి తెల్ల గీత వచ్చింది. సరుకు లోపల సాగినచోట అలా తెల్లబడుతుంది. చిరగలేదు కానీ అక్కడ గట్టిదనం పోయింది. దానికి మందు ఉంది. గీతకి అటూ ఇటూ ఐదేసి సెంటీమీటర్లు వచ్చేలా 3 మి.మీ. వెదురు పుల్లల్ని ఆ చోటున్న ఫ్లూట్లలోకి దూర్చడమే. పక్కపక్క ఫ్లూట్లలో ఆరు పుల్లలు, చిటికెడు జిగురు, కలిపి 3 గ్రాములు. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి షీటుని చదును చేస్తే పుల్ల సులువుగా దిగుతుంది. ఇప్పుడు ఆ గోడ పక్క గోడ కన్నా గట్టిగా ఉంది.

రెండో రెక్క షీటు కోసి పెట్టాను. ఈసారి ఐలరాన్‌లు 2 మి.మీ. పొరలు రెండు, కిందిది ఫ్లూట్లు పొడవునా, దాని మీదది అడ్డంగా. కీలు కింది పొరలోంచే వస్తుంది, బరువు ఒకే 4 మి.మీ. పట్టీతో సమానం, వెనకంచు మాత్రం బిగుసుకుంటుంది. తుక్కు మీద చేసిన నమూనా బల్ల మీద ఉంది, బరువు కింద రాత్రంతా అతుకుతోంది.